నర్సింగ్ సీటుకి అడ్వాన్స్ కట్టే ముందు ఆ ఆసుపత్రి పరుపులు చూసి రండి

బీఎస్సీ నర్సింగ్ మేనేజ్‌మెంట్ సీటుకి డబ్బులు కట్టబోతున్న తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే ఒక్క రోజు ఆగండి. ఇది చదివాక కట్టాలనిపిస్తే కట్టండి.

నాది మిర్యాలగూడలో జిరాక్స్ షాపు. కౌన్సెలింగ్ రోజులొస్తే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్, కులం, ఆదాయం అన్నీ సెట్లు సెట్లుగా తీసిచ్చేది నేనే. "ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతిలో పెట్టకండి" అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేదీ నేనే. అలాంటి నేను 2023లో మా బిడ్డ ఒరిజినల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లో సర్ది, కాలేజీ పీఆర్వో చేతిలో పెట్టి, పైగా దండం కూడా పెట్టి వచ్చాను.

అప్పుడు మా ముందు రెండు కాలేజీలున్నాయి, రెండూ మా ఊరి నుంచి బస్సు దూరమే. ఒకటి ఎప్పుడూ జనంతో కిటకిటలాడే ఓ పాత ఆసుపత్రి వెనకాల ఉండేది. సున్నం రాలుతున్న గోడలు, మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకునే పిల్లలు. చూడగానే నాకు మనసొప్పలేదు. రెండోది హైవే పక్కన. అద్దాల బిల్డింగు, కొత్త బస్సులు, రిసెప్షన్‌లో ఏసీ. మా బిడ్డకి ఇంటర్‌లో బాటనీ చెప్పిన సారే ఫోన్ చేసి "అక్కడైతే మన పిల్ల సేఫ్, కన్వీనర్ కోటా అంటూ కూర్చుంటే ఏ మూలకో పడేస్తారు" అన్నాడు. కన్వీనర్ కోటా అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు. సారు మాట కదా, కాదనలేకపోయాం. ఒక్కో అడ్మిషన్‌కు ఆ సారుకి ఎంత ముడుతుందో ఆరు నెలల తర్వాత ఆ పీఆర్వోనే వేరే గొడవలో నోరు జారి చెప్పాడు.

ఏడాదికి 90 వేలు, అన్నీ అందులోనే అన్నారు. చేరిన నెలకే యూనిఫాం, కిట్టు, పరీక్ష ఫీజు, క్లినికల్ ఫీజు అంటూ ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి "మేం చూసుకుంటాం" అన్నారు. చూసుకునేదేముంది, అది కన్వీనర్ కోటా సీటుకి వచ్చేది, మేనేజ్‌మెంట్ సీటుకి రాదు. ఇది నాకు తెలియక కాదు, తెలిసీ నమ్మాను.

డబ్బుల సంగతి పక్కన పెట్టండి. అసలు విషయం ఆసుపత్రి.

బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి నూరు పడకల సొంత ఆసుపత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. ఉంటే చాలదు, ఆ పడకల్లో కనీసం 75 శాతం రోగులతో నిండి ఉండాలి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్కన చూపించాలి. ఈ కాలేజీకీ ఆసుపత్రి ఉంది, బోర్డూ ఉంది. అడ్మిషన్ రోజు మాకు కింది ఫ్లోర్ చూపించారు, శుభ్రంగా ఉంది. ఎందుకంత శుభ్రంగా ఉందో ఆ రోజు నా బుర్రకి తట్టలేదు.

రెండో సెమిస్టర్‌లో ఒక శనివారం మా బిడ్డ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఏందమ్మా అంటే, "ఈ రోజు నేను పేషెంట్‌ని నాన్నా" అంది. ఇన్‌స్పెక్షన్ అట. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో జనాన్ని తెచ్చి, మనిషికి మూడు వందలు, బిర్యానీ పొట్లం ఇచ్చి పడుకోబెట్టారట. అయినా పడకలు మిగిలితే ఫస్టియర్ పిల్లలకు నైటీలు వేయించి పడుకోబెట్టారు. మా బిడ్డ కేస్ షీట్ మీద అపెండిసైటిస్ ఆపరేషన్, మూడో రోజు అని రాసుందట. చేతికి ప్లాస్టర్ వేసి, సూది లేకుండానే సెలైన్ పైపు అంటించారు. పరుపు మీద కంపెనీ ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదట, కదిలితే కరకరమని చప్పుడు, "కదలకుండా పడుకోండే" అని మేడం కళ్లెర్రజేసిందట. చెప్తూ చెప్తూ నవ్వు ఆపేసి, "నాకు ఇంతవరకు బీపీ చూడటం బొమ్మ మీదే వచ్చు నాన్నా" అంది.

ఆ ముద్ద నాకు దిగలేదు.

డిగ్రీ రావాలంటే క్లినికల్‌లో నూటికి నూరు శాతం హాజరు ఉండాలి. అది కాగితం మీద సులువుగా నిండిపోతుంది. మా బిడ్డ సీనియర్లు చూడని కాన్పులు చూసినట్టు లాగ్‌బుక్‌లో రాసుకున్నారు, పక్క పిల్ల పుస్తకంలోంచి పేర్లు మార్చుకుని. రేపు వీళ్లు ఏ ఊళ్లోనో నిజంగానే కాన్పుల గదిలో నిలబడతారు.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరుందా అని మీరడుగుతారు. ఉంది. నేనూ చూసే చేర్పించాను. రాష్ట్రాలవారీగా, కోర్సులవారీగా జాబితా ఉంటుంది, ఎన్ని సీట్లో కూడా ఉంటుంది. పేరు లేకపోతే ఆ గడప తొక్కకండి. పేరు ఏ కోర్సు కింద ఉందో కూడా చూడండి, జీఎన్ఎంకి, అంటే నర్సింగ్ డిప్లొమాకి ఉన్న అనుమతిని చూపించి బీఎస్సీకి డబ్బులు వసూలు చేసేవాళ్లున్నారు. తెలంగాణలో అయితే వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం, ఆంధ్రలో అయితే విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఈ ఏడాదికి ఉందో లేదో చూసుకోండి. కానీ ఇవన్నీ కాగితాలు. కాగితాలు ఎంత అందంగా వస్తాయో జిరాక్స్ వాడిని, నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఒకటే. పీఆర్వోకి చెప్పకుండా, మామూలు రోజున, పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఆసుపత్రికి వెళ్లండి. ఓపీ చీటీ కోసం లైనుందా? మందుల షాపు తెరిచి ఉందా? బయట టీ బండి ఉందా? రోగులుండే చోట టీ బండి లేకుండా ఉండదు. లోపల కాన్పుల వార్డు ఎక్కడని ఆయమ్మని అడగండి, ఈ వారంలో ఎన్ని కాన్పులయ్యాయని కూడా అడగండి. ఆయమ్మకి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. తర్వాత థర్డ్ ఇయర్ పిల్లల్ని పట్టుకుని నిన్న ఏ వార్డులో డ్యూటీ చేశావు తల్లీ అని అడగండి. తడుముకోకుండా చెప్తే ఆ కాలేజీ మంచిదే, గోడలకి సున్నం రాలుతున్నా సరే.

బెంగళూరు సీట్ల ఏజెంట్లకూ ఇదే మందు. ఇంతదూరం ఏం వెళ్తాంలే అనుకోకండి, ఒక రాత్రి రైలు ప్రయాణమే.

ఇక మానిపిస్తానని వెళ్తే, మిగిలిన మూడేళ్ల ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి అన్నారు. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదు, సరిచూసి వెంటనే తిరిగిచ్చేయాలి అని యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. ఆ కాగితం ప్రింట్ తీసి చూపిస్తే ప్రిన్సిపల్ గారు చదవకుండానే పక్కన పెట్టారు. నాలుగు నెలలు తిరిగాను. చివరికి నల్గొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లి దరఖాస్తు ఇచ్చి, ఇంకో కాపీ యూనివర్సిటీకి పోస్ట్ చేస్తే, రెండు వారాలకి ఫోనొచ్చింది. సర్టిఫికెట్లు దక్కాయి. డబ్బులు రాలేదు, ఏడాది పోయింది.

మా బిడ్డ మరుసటేడు కన్వీనర్ కోటాలో ఆ పాత కాలేజీలోనే చేరింది, మళ్లీ ఫస్టియర్ నుంచి. డ్యూటీ రోజుల్లో రాత్రి ఎనిమిదికే నిద్రపోతోంది.

మొన్న ఒకాయన షాపుకొచ్చి నర్సింగ్ అడ్మిషన్‌కి మూడు సెట్లు అన్నాడు. ఏ కాలేజీ అన్నా అని అడిగితే ఆ హైవే కాలేజీ పేరే చెప్పాడు. పది వేలు అడ్వాన్స్ కూడా కట్టాడట. అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజులకి పైగా ఉంటే ప్రాసెసింగ్ ఖర్చుల కింద ఐదు శాతానికి మించకుండా పట్టుకుని మిగతా ఫీజంతా వెనక్కివ్వాలని ఆ యూజీసీ కాగితంలోనే ఉంది. అదొక కాపీ తీసి ఆయన చేతిలో పెట్టాను, డబ్బులు తీసుకోలేదు. ఒరిజినల్స్ ఇంకా ఆయన సంచిలోనే ఉన్నాయి, చూశాను.