సెకండ్ హ్యాండ్ బోటు కొంటున్నారా? ఇంజన్‌ని ఒడ్డున చూసి డబ్బు ఇవ్వకండి

పాత బోటు కొనే ఆలోచన ఉన్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయటివైపు బిగించేది) ఉన్న బోటు ఒకటి ఈమధ్యే కొన్నాను. అమ్మినాయన దాన్ని ట్రైలర్ మీదే ఉంచి, నీళ్ల పైపు తగిలించి ఇంజన్ వేసి చూపించాడు. కీ తిప్పగానే అందుకుంది. తీరా నీళ్లలో దించాక, నెమ్మదిగా వెళ్లినంతసేపు బాగానే ఉండి, థ్రాటిల్ పెంచగానే తడబడి ఆగిపోవడం మొదలైంది. ఒడ్డుకు దూరంగా ఇంజన్ ఆగిపోయి, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంటే ఎంత టెన్షనో చెప్పలేను. ఇంట్లోవాళ్లు కూడా బోటులోనే ఉన్నారు.

చూపించిన రోజు పెట్రోల్ వచ్చింది బోటు ట్యాంకులోంచి కాదు, పక్కన పెట్టిన చిన్న క్యాన్‌లోంచి. ట్యాంకు ఖాళీగా ఉందన్నాడు. అది అబద్ధం. ఫిల్టర్ విప్పి అందులోది గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచితే, అడుగున నీళ్లు, పైన పెట్రోల్ గీత గీసినట్టు విడిపోయాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి వాడకుండా ఉంటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. ఇంజన్‌కు వెళ్లే పైపు లాగేది ఆ అడుగు నుంచే. ట్యాంకు మొత్తం తోడించి, ఫిల్టర్ మార్పించి, కార్బురేటర్ విప్పి కడిగించాక గానీ అది దారికి రాలేదు.

అంతటితో అయిపోలేదు. ఇంజన్‌ని చల్లబరిచి బయటికి వచ్చే సన్నటి నీటిధార బలహీనంగా ఉందని వాటర్ పంపు విప్పిస్తే, అందులో నీళ్లను తోసే చక్రం, అంటే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు విరిగిపోయి ఉన్నాయి. ఒడ్డున ఈ సంగతి బయటపడలేదు, ఎందుకంటే అక్కడ నీళ్లను తోసింది పైపులోని ప్రెషర్. విరిగిన ముక్కలు నీటి దారుల్లో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజన్ వేడెక్కుతుంది. అందుకే మెకానిక్ చేత ముక్కలు కూడా వెతికించి తీయించండి.

ఇప్పటికే కొని ఇదే బాధ పడుతున్నవాళ్లు ఒకటి చేసి చూడండి. ఇంజన్ తడబడుతున్నప్పుడు మరొకరి చేత ప్రైమర్ బల్బ్ (పెట్రోల్ పైపు మధ్యలో ఉండే, చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి) నొక్కించండి. నొక్కగానే తేరుకుంటే పెట్రోల్ సరిగా అందడం లేదని అర్థం. బల్బ్ లోపలికి అణిగిపోయి ఉంటే, ట్యాంకు వైపు ఎక్కడో మూసుకుపోయింది. ట్యాంకు మూత కాస్త వదులు చేశాక బాగుపడితే గాలి రంధ్రమే పూడింది, ఖర్చు లేని రిపేరు.

కొనబోయేవాళ్లు మాత్రం వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా ఆగి, మళ్లీ వేయించండి. గేర్ ఆయిల్ కొంచెం బయటికి తీయించండి. పాలలా తెల్లగా వస్తే సీల్ పోయి నీళ్లు దిగినట్టే. కంప్రెషన్ టెస్ట్‌లో (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో కొలిచే పరీక్ష) సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటితే ఆ బోటు వదిలేయండి. అన్నీ బాగున్నా, బోటు సొంత ట్యాంకులోని పెట్రోల్‌తోనే నీళ్లలో ఫుల్ థ్రాటిల్ మీద నడిపించి చూడాలి.

నేను ఫోన్ చేసి అడిగితే "అమ్మేశాక నాకేం సంబంధం" అన్నాడాయన. అందుకే నీళ్లలో నడిపి చూశాకే మిగతా డబ్బు ఇస్తానని అడ్వాన్స్ రసీదు మీదే రాయించుకోండి.