చాటన్‌లో జేన్ ఆస్టిన్ ఇల్లు: ఆరు నవలలూ చదివాక చూడవలసిన మ్యూజియం

లండన్‌లోని వాటర్లూ స్టేషనులో రైలెక్కి గంటకు పైగా ప్రయాణించి, ఆ మార్గంలో చివరిదైన ఆల్టన్‌లో దిగి, ఇంచుమించు అరగంట నడిస్తే చాటన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో రోడ్డును ఆనుకుని ఉన్న ఎర్ర ఇటుకల ఇంట్లో ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ తన తల్లితోను, అక్క కసాండ్రాతోను, కుటుంబ స్నేహితురాలు మార్తా లాయిడ్‌తోను కలిసి 1809 జులై నుంచి 1817 మే వరకు నివసించింది. 1949 నుంచి అది మ్యూజియంగా ఉంది. డిగ్రీలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ పాఠ్యపుస్తకంగా చేతికి వచ్చిన నాటి నుంచి ఆమె ఆరు నవలలనూ మళ్ళీ మళ్ళీ చదువుతూ వస్తున్న నేను, ఈ ఇంటి గురించి నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఇక్కడికి తప్పక వెళ్ళాలి, అయితే నవలలన్నీ చదివిన తరువాతనే వెళ్ళాలి. కనీసం ‘పర్సుయేషన్’ అయినా చదవనివారికి ఇది పాత సామాను ఉన్న ఒక చక్కని పల్లెటూరి ఇల్లుగానే కనిపిస్తుంది.

నేను చూడవచ్చినది భోజనాల గదిలో కిటికీ దగ్గర ఉన్న వాల్‌నట్ చెక్క బల్ల. దాని పైపలకకు పన్నెండు అంచులు ఉన్నాయి, కింద ఒకే కాడ ఉంది. మన భోజనాల విస్తరి కంటే అది కాస్త పెద్దది, అంతే. ఒక కాగితం, ఒక సిరాబుడ్డి పెడితే మోచేయి ఆనించడానికి కూడా చోటు మిగలదు. ఆమె ఈ బల్ల మీద రాసేదని ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలల పాత చిత్తుప్రతులను ఆమె అచ్చుకు సిద్ధం చేసింది ఈ ఇంట్లోనే. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’, ‘ఎమ్మా’, ‘పర్సుయేషన్’ మొదటి నుంచి చివరి వరకు ఇక్కడే పుట్టాయి. అద్దాల బీరువాలో పెట్టిన వస్తువులను చూసి ఉద్వేగపడే స్వభావం నాది కాదు, కానీ ఆ బల్ల ముందు నేను చాలాసేపు కదలలేకపోయాను.

ఆ గదిలో ఆమెకు ఏకాంతం లేదు. మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టిన్-లీ తన మేనత్త గురించి రాసిన జ్ఞాపకాలలో, ఇంట్లో ఒక తలుపు కిర్రుమనేదని, దాన్ని బాగుచేయిస్తామంటే ఆమె వద్దనేదని, ఎవరో వస్తున్నారని ఆ చప్పుడును బట్టి తెలుసుకుని కాగితాలు పక్కకు పెట్టేదని చెప్పాడు. అది ఎంతవరకు నిజమన్న చర్చ పండితులకు వదిలేద్దాం. నలుగురు ఆడవాళ్ళు మెలిగే ఇంట్లో, వచ్చేపోయే చుట్టాల మధ్య, కిటికీకి అవతల బండ్లు పోయే రోడ్డు ఉండగా ఆమె రాసిందన్నది మాత్రం ఈ గదుల కొలతలను చూస్తేనే అర్థమవుతుంది.

ఇక్కడే నాకు ‘పర్సుయేషన్’ చివరి భాగం కొత్తగా తెరుచుకుంది. 1816 జులై 18న ఆమె ఆ నవలను ముగించింది, కానీ ఆ ముగింపు ఆమెకు నచ్చలేదు. మూడు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 6 నాటికి, దాన్ని పక్కన పెట్టి కొత్తగా రాసింది. బాత్ నగరంలోని సత్రం గదిలో ఒకవైపు కథానాయకుడు కెప్టెన్ వెంట్‌వర్త్ ఉత్తరం రాస్తూ ఉండగా, మరోవైపు కిటికీ దగ్గర కథానాయిక ఆన్, అతని స్నేహితుడు కెప్టెన్ హార్విల్‌తో మగవారి ప్రేమ ఎక్కువ కాలం నిలుస్తుందా, ఆడవారిదా అని మాట్లాడుతూ ఉండగా, వెంట్‌వర్త్ చేతిలోని కలం జారిపడే ఘట్టం పాత ముగింపులో లేదు; తిరగరాసినప్పుడు వచ్చింది. పదిమంది తిరిగే గదిలో, పక్కవారి మాటలు చెవిన పడుతుండగా, తన ప్రాణమంతా ఒక కాగితం మీద పెట్టి రాస్తున్న మనిషి అతడు. ఆ ఘట్టాన్ని నేను ఎన్నోసార్లు చదివాను, కానీ రాస్తున్న వెంట్‌వర్త్ స్థానంలో ఆమెనే ఊహించుకోవడం ఆ భోజనాల గదిలో నిలబడినప్పుడే మొదటిసారి జరిగింది. ఆమె పక్కన పెట్టిన ఆ పాత అధ్యాయాల చేతిరాత ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అచ్చయిన ఆరు నవలలలో ఆమె చేతిరాతలో మిగిలింది అదొక్కటే. అందువల్ల నవలల రాతప్రతులు చూడాలన్న ఆశతో చాటన్‌కు వెళ్ళకండి.

ఈ ఇల్లు ఆమెకు ఎలా దక్కిందో తెలిస్తే మన పాఠకులకు అది మరింత దగ్గరగా తోస్తుంది. 1805లో తండ్రి చనిపోయాక తల్లీ కూతుళ్ళకు నిలకడైన ఇల్లు లేకపోయింది. అన్నదమ్ములు ఇచ్చే డబ్బు మీదనే కాలం గడిచింది. పిల్లలు లేని ధనిక బంధువులకు దత్తు వెళ్ళిన అన్న ఎడ్వర్డ్, తనకు వచ్చిన ఆస్తిలో ఉన్న ఈ ఇంటిని వారికి ఇచ్చాడు. ఆస్తి ఎవరికి పోతుంది, కట్నం లేని ఆడపిల్ల గతి ఏమిటి, దత్తత వల్ల ఎవరి బతుకు మారుతుంది అన్న లెక్కలు తెలిసిన మనవంటి వారికి ఆమె నవలలు పరాయివిగా అనిపించకపోవడానికి కారణం ఇదే. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా తమిళంలో వచ్చిన సినిమాను ‘ప్రియురాలు పిలిచింది’ పేరుతో తెలుగులో చూసి, రచయిత్రి పేరు తెలియకుండానే ఆ కథను ఇష్టపడినవారు నా స్నేహితులలోనే ఎందరో ఉన్నారు.

మిగిలిన వస్తువులలో నాకు బాగా నచ్చినవి పుష్యరాగాల శిలువలు. నౌకాదళంలో ఉన్న తమ్ముడు చార్ల్స్ 1801లో శత్రు నౌకను పట్టుకున్నందుకు తన వాటాగా వచ్చిన బహుమతి సొమ్ముతో ఇద్దరక్కలకూ చెరొకటి కొన్నాడు. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఫ్యానీకి అన్న విలియం తెచ్చిన శిలువ గుర్తున్నవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. ఆస్టిన్ నీలిరాయి ఉంగరాన్ని 2012 వేలంలో అమెరికన్ గాయని కెల్లీ క్లార్క్‌సన్ కొనుక్కుంది. దేశం దాటకుండా ప్రభుత్వం తాత్కాలికంగా ఆపగా, విరాళాలు పోగుచేసి 2013లో మ్యూజియం దాన్ని దక్కించుకుంది. తల్లీ కూతుళ్ళు ముగ్గురూ కలిసి గుడ్డముక్కలతో కుట్టిన బొంత కూడా ఈ సేకరణలోనిదే. అక్కచెల్లెళ్ళిద్దరూ పంచుకున్న పడకగది చాలా చిన్నది, అందులోని మంచం మాత్రం నమూనా.

మార్తా లాయిడ్ రాసుకున్న వంటల పుస్తకం కూడా ఈ మ్యూజియందే. అందులో పసుపు వేసి చేసే కర్రీ పొడి ఉంది. ఆస్టిన్ మేనత్త ఫిలడెల్ఫియా 1752లో పెళ్ళి కోసం ఓడెక్కి మద్రాసుకు వచ్చిన మనిషి అన్న సంగతి గుర్తుకు వస్తే, హాంప్‌షైర్‌లోని ఈ పల్లె వంటింటికి మన తీరం ఎంత దగ్గరో అనిపిస్తుంది.

వెళ్ళదలచినవారు తెరిచి ఉండే రోజులను ముందుగా చూసుకుని, టికెట్ తీసుకుని బయలుదేరడం మంచిది. గదులు, మెట్లు ఇరుకైనవి. తొందరగా నడిచేవారు గంటలో ముగించగలరు. నాకు పూట సరిపోలేదు. పుస్తకం వెంట తీసుకువెళ్ళి తోటలో కూర్చుని చదువుకోవడం నా మాటగా చేయండి.

బయటకు వచ్చాక ఊరి చివరనున్న సెయింట్ నికొలస్ చర్చి వరకు కూడా నడవండి. జేన్ అక్కడ లేదు. వైద్యం కోసం వించెస్టర్‌కు వెళ్ళి, 1817 జులై 18న, నలభై ఒక్క ఏళ్ళ వయసులో అక్కడే చనిపోయింది, ఆ ఊరి పెద్ద చర్చిలోనే ఆమెను సమాధి చేశారు. చాటన్ చర్చి ఆవరణలో పక్కపక్కన ఉన్న రెండు రాళ్ళు తల్లివి, కసాండ్రావి. చెల్లెలు పోయిన తరువాత కసాండ్రా 1845లో చనిపోయే వరకు, ఇరవై ఎనిమిదేళ్ళు, ఆ ఇంటినే తన ఇల్లుగా చేసుకుంది. ఆ రాయి దగ్గర కాసేపు నిలబడి, ఆల్టన్ తిరిగివచ్చి, రైలులో ‘పర్సుయేషన్’ ఇరవై మూడో అధ్యాయం తీశాను.