మోచేతి నొప్పికి ఏది మేలు: ఇంజెక్షనా, బెల్టా, వ్యాయామమా?

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో రోజంతా హ్యాండ్ గ్రైండర్ పట్టేవాళ్లకీ, కొండపి, టంగుటూరు వైపు పొగాకు పనికి వెళ్లేవాళ్లకీ మోచేయి బయటివైపు ఎముక మీద నొప్పి పట్టుకుంటుంది. బిందె ఎత్తినా, తడిబట్ట పిండినా చురుక్కుమంటుంది. ‘నరం పట్టింది’ అంటారు గానీ నరానికేం కాలేదు. మణికట్టును పైకి లేపే కండరాన్ని ఎముకకు అతికించే తాడులాంటి భాగం, టెండన్, దెబ్బతింది. రాకెట్ ముట్టనివాళ్లకే ఎక్కువగా వచ్చే ఈ జబ్బు పేరేమో టెన్నిస్ ఎల్బో!

త్వరగా పనిలోకి దిగాలంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించింది లేదు. 2002లో నెదర్లాండ్స్‌లో పోల్చి చూస్తే ఆరు వారాలకు సూది వేయించుకున్నవాళ్లలో 92 శాతం కోలుకున్నారు, మర్దన, వ్యాయామాలతో చేసే ఫిజియోథెరపీలో 47 శాతమే. ఏడాది తిరిగేసరికి కథ తారుమారు: సూదికి 69, ఫిజియోకి 91. ఏ వైద్యమూ లేకుండా ఓపిక పట్టినవాళ్లు కూడా 83! సూదితో నొప్పి పోయిందని మళ్లీ అదే బరువు మోస్తారు, టెండన్‌కు మాత్రం బలం రాలేదు. నిద్ర పట్టనంత నొప్పయితే ఒక్కసారి సరే, మూడు నెలలకోసారి పొడిపించుకోవడం తప్పు.

బెల్టు పని గంటల వరకే. ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్లు కిందగా కండరం మీద కట్టాలి. వేళ్లు తిమ్మిరెక్కితే బిగువెక్కువైనట్టు.

మా ఓటు వ్యాయామానికే. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టును అంచు బయటికి వదలండి. చేతిలో నీళ్లు నింపిన అరలీటరు సీసా పట్టుకోండి. రెండో చేత్తో సాయంపట్టి పైకి లేపి, సాయం వదిలేసి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ నిదానంగా దించండి. 15 సార్లు, మూడు విడతలు, రోజుకోసారి, కనీసం ఆరు వారాలు. సీసా ధబీమని కిందికి పడేస్తే లాభం లేదు. పని జరిగేది ఆ దించడంలోనే. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటే ఫర్లేదు. తెల్లారేసరికి ముందటికంటే ఎక్కువైతే సీసాలో సగం నీళ్లు ఒంపేయండి. చాలామంది పదిరోజులు చేసి ‘గుణం లేదు’ అని మానేస్తారు, అప్పటికి టెండన్ బాగుపడటం ఇంకా మొదలే పెట్టలేదు. ఆ వారాల్లో బిందె ఎత్తాల్సొస్తే అరచేయి పైకి తిప్పి, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఎత్తండి.

మెడ తిప్పితే నొప్పి చేతిలోకి జారుతున్నా, పట్టు సడలి గ్లాసు చేజారుతున్నా ఇవేవీ మొదలుపెట్టకుండా ఎముకల డాక్టరుకు చూపించుకోండి.