హైదరాబాద్ నుంచి అమెరికా ఓటు: ఎఫ్‌వీఏపీ సేవకు ఎన్ని మార్కులు?

అమెరికా పౌరసత్వం తీసుకుని తిరిగొచ్చి కొండాపూర్‌లోనో మణికొండలోనో స్థిరపడిన వాళ్ళకు ఇక్కడ ఓటు లేదు. భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఎన్ని పనులకు పనికొచ్చినా ఓటరు జాబితాలోకి మాత్రం ఎక్కించదు. మిగిలింది అక్కడి ఓటే. దాన్ని ఇక్కణ్నుంచి వేయడానికి అమెరికా రక్షణ శాఖ కింద నడిచే ఫెడరల్ ఓటింగ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, పొట్టిగా ఎఫ్‌వీఏపీ, పైసా తీసుకోకుండా సాయం చేస్తుంది. 2026 నవంబరు 3న అక్కడ మధ్యంతర ఎన్నికలు, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికలు, ఉన్నాయి కాబట్టి ఈ సేవ ఎలా ఉందో చూద్దాం. ఫారం నింపించడంలో ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. నింపిన బ్యాలెట్‌ను గమ్యం చేర్చడంలో రెండున్నర దాటదు. అక్కడ బరువంతా ఓటరు మీదే పడుతుంది.

ముందు మంచి సంగతి. సైట్లో మీ స్టేట్, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎంచుకుంటే అది ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడిగి ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ తయారుచేస్తుంది. ఓటరుగా నమోదు, బ్యాలెట్ కోసం అభ్యర్థన రెండూ ఆ ఒక్క ఫారంతోనే అయిపోతాయి. సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి 4 అంకెలు గానీ, పాత డ్రైవింగ్ లైసెన్సు నంబరు గానీ దగ్గర పెట్టుకుంటే పావుగంట పని. మీ స్టేట్‌కు అక్కర్లేని ప్రశ్న అడగదు, ఎవరికి పంపాలో చిరునామా కూడా అదే చూపిస్తుంది. కానీ చివర్లో చేతికొచ్చేది పీడీఎఫ్ మాత్రమే, సైట్ దాన్ని ఎక్కడికీ పంపదు. చాలామంది డౌన్‌లోడ్ అవగానే పని అయిపోయిందనుకుని ఆగిపోతారు. ప్రింట్ తీసి, పెన్నుతో సంతకం పెట్టి, తేదీ వేసి, స్కాన్ చేసి మీ కౌంటీ ఎన్నికల కార్యాలయానికి మీరే పంపాలి. ఒకసారి పంపితే జీవితాంతం చెల్లుతుందనుకోవద్దు. ఏటా జనవరిలో కొత్తది పంపడం మేలు.

మనవాళ్ళ ఫారాలు తిరిగొచ్చే కారణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది పుట్టిన తేదీ: అక్కడ నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. ఏప్రిల్ 7ను ఇక్కడి అలవాటుకొద్దీ 07/04 అని రాస్తే అక్కడ జులై 4 అవుతుంది. ఇంటిపేరు ముందు పెట్టి రాయడం, లేదా ఇనీషియల్‌తో సరిపెట్టడం ఇంకో తంటా. అక్కడ ఓటరుగా నమోదైన పేరు ఎలా ఉంటే అలాగే ఉండాలి. ఇక సంతకం. చాలా స్టేట్లు కవరు మీది సంతకాన్ని తమ దగ్గరున్న పాత సంతకంతో పోల్చి చూస్తాయి. లైసెన్సు మీద ఇంగ్లిష్‌లో పెట్టి, ఇక్కడ బ్యాంకు అలవాటుకొద్దీ తెలుగులో పెడితే పెద్దవాళ్ళ బ్యాలెట్లు అక్కడే ఆగుతాయి.

ఓటుకు చిరునామా అంటే మీరు అమెరికా వదిలే ముందు చివరగా ఉన్న ఇల్లు. అది అమ్మేసినా, అద్దెదైనా, ఇప్పుడు అందులో వేరేవాళ్ళు ఉన్నా ఫర్వాలేదు. స్టేట్ ట్యాక్సు వాళ్ళు వెంటపడతారేమో అన్న భయం చాలామందిది. ఫెడరల్ పదవులకు (అధ్యక్షుడు, కాంగ్రెస్ సభ్యులు) మాత్రమే ఓటేస్తే, దాన్నే ఆధారం చేసుకుని స్టేట్ పన్ను వేయడానికి లేదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. గవర్నరు, స్థానిక పదవులకూ వేయాలనుకుంటే ఒక మాట ట్యాక్స్ అకౌంటెంటును అడగండి. 'తిరిగి వెళ్తారా' అన్న ప్రశ్నకు నిజమే చెప్పండి. తెలియదు అంటే కొన్ని స్టేట్లు ఫెడరల్ పదవుల బ్యాలెట్ మాత్రమే ఇస్తాయి. అమెరికాలో ఎన్నడూ నివసించని, 18 నిండిన పౌరులకు తల్లి లేదా తండ్రి చివరి చిరునామా మీద చాలా స్టేట్లు ఓటిస్తాయి, అన్నీ కాదు. గ్రీన్‌కార్డు మీదున్నవాళ్ళు మాత్రం ఈ ఫారం జోలికే పోకూడదు. పౌరుణ్నే అని ప్రమాణం చేసి సంతకం పెట్టే ఫారం ఇది. అబద్ధమని తేలితే కార్డుకే ఎసరు.

బ్యాలెట్ ఎలా కావాలి అన్నచోట ఈమెయిల్ అనే రాయండి. పోస్టులో తెప్పించుకుంటే సగం సమయం దారిలోనే పోతుంది. విదేశాల్లోని ఓటర్ల కోసం తెచ్చిన 2009 నాటి మూవ్ చట్టం ప్రకారం, వేళకు అడిగినవాళ్ళకు పోలింగ్‌కు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్ పంపి తీరాలి. ఈసారి లెక్కన సెప్టెంబరు 19. ఆ వారంలో స్పామ్ ఫోల్డరు కూడా చూడండి.

అసలు చిక్కు ఇక్కణ్నుంచి. ఖాళీ బ్యాలెట్‌ను ఈమెయిల్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఇవ్వమని చట్టం అన్ని స్టేట్లకూ చెప్పింది, నింపింది అలాగే తీసుకోమని చెప్పలేదు. మసాచుసెట్స్ ఈమెయిల్‌లో తీసుకుంటుంది. నార్త్ కరోలినాకు సొంత పోర్టల్ ఉంది. కాలిఫోర్నియా ఫ్యాక్స్ ఒప్పుకుంటుంది గానీ ఓటరు ప్రమాణ పత్రం జతచేయాలి. న్యూజెర్సీకి ఈమెయిల్ చేసినా కాగితం బ్యాలెట్ పోస్టులో కూడా వెళ్ళాలి. టెక్సస్‌లో మామూలు పౌరులకు పోస్టే గతి. డాలస్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎన్ని ఉన్నాయో చూస్తే ఇది చిన్న విషయం కాదు. ఈమెయిల్, ఫ్యాక్స్ వాడితే రహస్య ఓటు హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సి రావచ్చు.

పోస్టు దారి అయితే ఉచిత మార్గం అమెరికా కాన్సులేట్. నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి అక్కడికి మారింది. మెట్రోలో వెళ్ళేవాళ్ళు చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగి ఆటో ఎక్కాలి. అక్కడ పోలింగ్ బూత్ ఉండదు, నింపి అంటించిన కవరు ఇచ్చి రావడమే. వేళలు, లోపలికి ఏం తేవచ్చో కాన్సులేట్ సైట్లో చూసుకుని బయల్దేరండి. కవరు మీద అమెరికా స్టాంపులన్నా ఉండాలి, ఎఫ్‌వీఏపీ సైట్లోని పోస్టేజీ చెల్లించిన కవరు నమూనా అన్నా అతికించాలి. ఆ నమూనా అమెరికా పోస్టల్ వ్యవస్థలోనే చెల్లుతుంది. దాన్ని ఆబిడ్స్ జీపీవోలో ఇస్తే పనికిరాదు, ఇండియా పోస్టుకు ఇక్కడి చార్జీ వేరే కట్టాలి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీసేటప్పుడు 'పేజీకి సరిపెట్టు' అన్నది తీసేయించి అసలు సైజులోనే తీయించండి. అది అమెరికా లెటర్ సైజు, మనది ఏ4. కుదించి తీస్తే కొలతలు తప్పుతాయి.

కాన్సులేట్ తన అధికారిక టపా పంపే డిప్లొమాటిక్ సంచిలో వెళ్ళే కవరుకు నాలుగు వారాలు పట్టొచ్చు. అంటే అక్టోబరు 6 నాటికి కాన్సులేట్‌లో పడాలి. వినాయక నిమజ్జనం అయిన వారంలోనే పని ముగించుకోవాలి, బతుకమ్మ దాకా ఆగితే ఆలస్యమైనట్టే. తర్వాత మిగిలేది సొంత ఖర్చు మీద కొరియర్. ఎన్నికల కార్యాలయం ఇచ్చింది పీవో బాక్స్ చిరునామా అయితే కొరియర్ వాళ్ళు దింపలేరు, కార్యాలయం ఉన్న వీధి చిరునామా అడిగి తీసుకోండి. ఇండియా పోస్టును నమ్ముకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: అమెరికా సుంకాల గొడవతో 2025 ఆగస్టు ఆఖరు నుంచి అక్టోబరు మధ్య దాకా అక్కడికి బుకింగులే ఆగిపోయాయి. పోలింగ్ రోజు ముద్ర ఉంటే తర్వాత చేరినా లెక్కించే స్టేట్లు ఉన్నాయి గానీ, ఆ నియమం కోర్టులకెక్కింది. దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇంత తిట్టినా, మన దగ్గరి పద్ధతితో పోల్చితే ఇది ఎన్నో రెట్లు నయం. భారత పాస్‌పోర్టుతో న్యూజెర్సీలో ఉన్నవాళ్ళు ఫారం 6ఏ నింపి ఓటరు కావచ్చు. కానీ ఓటేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని శేరిలింగంపల్లి బూత్‌కు స్వయంగా రావాలి. తమ బదులు మరొకరితో ఓటు వేయించుకునే ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ దాటి, 2019లో సభ కాలంతో పాటే మురిగిపోయింది.

అడిగినా బ్యాలెట్ రాకపోతే ఎఫ్‌వీఏపీ సైట్లోనే ఫెడరల్ రైట్ ఇన్ ఆబ్సెంటీ బ్యాలెట్ ఉంది. అభ్యర్థి పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే పార్టీ పేరు చేత్తో రాసి పంపొచ్చు. చాలా స్టేట్లలో ముందే అభ్యర్థన పంపినవాళ్ళకే ఇది చెల్లుతుంది. ఇది పంపాక అసలు బ్యాలెట్ వస్తే అదీ నింపి పంపండి. లెక్కించేది ఒక్కటే, రెండు ఓట్లేశారన్న తప్పు మీ మీదికి రాదు. చేరిందో లేదో మీ స్టేట్ ఎన్నికల సైట్లో చూసుకోవచ్చు. ఈమెయిల్, ఫ్యాక్స్ వాళ్ళకు గడువు అక్కడి గడియారం ప్రకారమే: నవంబరు 3న మసాచుసెట్స్‌లో రాత్రి 8 అయ్యేసరికి ఇక్కడ 4వ తేదీ ఉదయం 6:30.