పెల్లె ది కాంకరర్: ఓడ దిగిన తండ్రీ కొడుకులు, పక్కన మా నాన్న

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వైపు వాళ్లకి ఈ సినిమా కథ చెప్పడం చాలా సులువు. స్వీడన్ నుంచి ఒక ముసలాయన, చిన్న కొడుకుని తీసుకుని ఓడెక్కి, డెన్మార్క్‌కి చెందిన బోర్న్‌హోమ్ దీవికి కూలిపనికి వెళ్తాడు. అక్కడి భాష వీళ్ల భాషకి దగ్గరే గానీ వీళ్లది కాదు, నోరు తెరిస్తే చాలు పరాయివాళ్లని తెలిసిపోతుంది. సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్లొచ్చిన మనిషి ప్రతి వీధిలోనూ ఉండే చోట ఇంకేం చెప్పాలి?

డేనిష్ దర్శకుడు బిల్లే ఆగస్ట్ 1987లో తీశాడు. డేనిష్ రచయిత మార్టిన్ అండర్సన్ నెక్సో 1906 నుంచి 1910 దాకా నాలుగు భాగాలుగా తెచ్చిన నవలలో మొదటి భాగం, అంటే ఆ కొడుకు పెల్లె చిన్నతనం వరకే సినిమా. కాన్స్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్, తర్వాత ఆస్కార్ కూడా వచ్చాయి. ఆ అవార్డులు చూసే భయపడి, నిద్రొస్తుందేమో అని ఏడాది నుంచి వాయిదా వేస్తున్నా. మొన్న రాత్రి లాప్‌టాప్‌లో పెడితే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు కాబట్టి సబ్‌టైటిల్స్ తెలుగులో చెప్తూ పోయా. అరగంటయ్యాక "నువ్వూరుకోరా, నాకు తెలస్తంది" అన్నారు.

ఓడలో తండ్రి లాసె కొడుక్కి కబుర్లు చెప్తుంటాడు, అక్కడ పిల్లలు పనిచెయ్యక్కర్లేదు, రోజంతా ఆడుకోవచ్చు అని. తీరా రేవులో దిగితే, కూలీల్ని ఏరుకోడానికొచ్చిన ఆసాములు తలో నలుగుర్నీ తీసుకుపోతారు. ఇతనేమో ముసలాడు, వాడేమో మరీ గుంటడు. ఎవరికీ అక్కర్లేదు. పొద్దున్న అడ్డా దగ్గర, ఎండెక్కిపోయినా ఇంకా క్యారియర్ పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖం ఎప్పుడైనా చూశారా, సరిగ్గా ఆ ముఖం. ఇక్కడ నాన్న ఒక్క మాటన్నారు: "మేమూ ఉత్తరాల్లో అలాగే రాసేవోళ్లం, అంతా బాగుందని."

లాసెగా వేసిన మాక్స్ వాన్ సీడో గురించి ఎంత చెప్పినా తక్కువే. కొడుకుని అవమానించినవాడి సంగతి తేలుస్తానని రొమ్ము విరుచుకుని బయల్దేరతాడు, తీరా వాడి ముందు నిలబడేసరికి మనిషి సగమైపోతాడు. కొడుకు చూస్తుంటాడు. అంత పొడుగు మనిషి అలా చిన్నగా ఎలా కనిపించాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు. బెస్ట్ యాక్టర్ ఆస్కార్‌కి నామినేట్ చేశారు గానీ ఇవ్వలేదు, ఇవ్వాల్సింది. ఈ లాసె జీవితాశయం ఏంటో తెలుసా, ఆదివారం పొద్దున్న మంచం మీదకి ఎవరైనా కాఫీ తెచ్చివ్వాలి, అంతే. దాని కోసం పడే పాట్లు చూసి ముందు నవ్వుతాం, తర్వాత నవ్వినందుకు సిగ్గేస్తుంది. పెల్లెగా వేసిన కుర్రాడి అసలు పేరూ పెల్లెనే, ఈ నవల చూసే పెట్టారట.

అన్నీ బాగున్నాయని అనను. చివరికి వీళ్లని పనిలో పెట్టుకున్న ఆసామి భార్య కథ మరీ ముదిరిపోయింది, ఆ ఇంట్లోకి కెమెరా వెళ్లినప్పుడల్లా నాకు మళ్లీ పశువుల శాలలోకి వెళ్లిపోదాం అనిపించింది. రెండున్నర గంటల్లో ఓ పావుగంట అక్కడే మిగిలేది.

అసలు చిరాకు సబ్‌టైటిల్స్‌తో. లాసె స్వీడిష్ మాట్లాడినా, ఆసామి డేనిష్ మాట్లాడినా కింద అదే ఇంగ్లీషు, ఒకే మూస. పెల్లెని స్వీడన్ వాడని బడిలో ఏడిపిస్తుంటే ఆ ఏడిపింపు ఎక్కడుందో చదివేవాడికి తెలీదు, చెవులు రిక్కించి వినాల్సిందే. నేను బడిలో ఒడియా మాట్లాడితే తెలెంగా (తెలుగోళ్ల) యాస అని నవ్వేవారు, ఏరు దాటి పాతపట్నం అత్తారింటికెళ్తే తెలుగేంటి ఒడియావాళ్లలా ఉందంటారు, కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువే అనుకోండి.

ముగింపు చెప్పను. పిల్లలతో కూర్చుని చూసేది మాత్రం కాదు, కొన్ని సీన్లు బాగా కటువుగా ఉంటాయి.

అయిపోయాక నాన్న మాట్లాడకుండా వెళ్లి పడుకున్నారు. లైటార్పేశాక చీకట్లోంచి, "ఇంకా మూడు భాగాలున్నాయన్నావు కదరా, ఆ గుంటడు తరవాత ఏటయ్యాడు?" అన్నారు. చదవలేదన్నా. చదివి చెప్పమన్నారు.