పాత కీబోర్డుకి చవక మిడి కేబుల్ కొంటున్నారా? విజయవాడ, గుంటూరు వాళ్లు కాస్త ఆగండి

పాత కీబోర్డునో రిథమ్ మెషీన్‌నో కంప్యూటర్‌కి కలుపుకోవడానికి మిడి కేబుల్ (ఏ మెట్టు ఎప్పుడు నొక్కారన్న సమాచారం మోసేది) వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బులివ్వండి. నాలుగైదు వందలకి దొరుకుతుంది, మధ్యలో చిన్న నల్ల డబ్బా, ఒక పక్క యూఎస్‌బీ, ఇంకో పక్క ఇన్, అవుట్ అని రాసిన ఐదు పిన్నుల ప్లగ్గులు రెండు, కంపెనీ పేరు ఎక్కడా ఉండదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో మేం కొన్నది అదే. దానివల్ల మా ఆర్కెస్ట్రా మాస్టారు ఏళ్ల తరబడి కూర్చుని చేసుకున్న వాయిస్‌లు, అంటే కీబోర్డు సౌండ్లు, పోయాయి.

మాస్టారిది యమహా డీఎక్స్7, 1983లో వచ్చిన మోడల్. మనం చేసి దాచుకున్న 32 వాయిస్‌లు లోపల బ్యాటరీ ఉన్నంతవరకే ఉంటాయి. ఆ బ్యాటరీ వీక్ అయింది, తీస్తే మెమరీ పోతుంది కాబట్టి ముందు అన్నీ కంప్యూటర్‌లోకి దించుకుందామని కేబుల్ కొన్నాం. బ్యాకప్‌కి పనికొస్తుందా అని అడిగే కొన్నాం, "అన్నిటికీ పనికొస్తుందండీ" అన్నారు. ఇంటికి తెచ్చి పెడితే విండోస్ వెంటనే గుర్తుపట్టింది, మెట్లు నొక్కితే కంప్యూటర్‌లో స్వరాలు పలికాయి, కీబోర్డు నుంచి డంప్ (వాయిస్‌లన్నీ ఒకేసారి) పంపితే ఫైలు కూడా సేవ్ అయింది. తీరా బ్యాటరీ మార్చి ఆ ఫైలుని తిరిగి పంపితే కీబోర్డు తీసుకోలేదు. డీఎక్స్7లో 32 వాయిస్‌ల డంప్ సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. మా ఫైలు అంతకన్నా తక్కువ ఉంది, మధ్యలో డేటా ఎగిరిపోయింది.

షాపుకి తీసుకెళ్తే "నోట్లు వస్తున్నాయి కదా, కేబుల్ బాగానే ఉంది" అని వెనక్కి తీసుకోలేదు. అసలు మోసం ఇక్కడే ఉంది. ఒక మెట్టు నొక్కితే వెళ్లేది మూడు బైట్లే, దాన్ని ఎంత నాసిరకం చిప్ అయినా లాగేస్తుంది. వాయిస్ డంప్ అలా కాదు, సిస్‌ఎక్స్ అనే ఒకే పొడవాటి సందేశం, సెకనుకి 31,250 బిట్ల వేగంతో సెకను పైనే ఆగకుండా వస్తుంది, చవక చిప్‌లు చాలావాటికి దాన్ని పూర్తిగా పట్టుకునే చోటు ఉండదు. కాబట్టి షాపులో పాట వాయించి చూపిస్తే నమ్మొద్దు. ల్యాప్‌టాప్, కీబోర్డు పట్టుకెళ్లండి, డంప్ దించడానికి విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో సిస్‌ఎక్స్ లైబ్రేరియన్ అనే సాఫ్ట్‌వేర్లున్నాయి, రెండూ ఉచితమే. డంప్ రెండుసార్లు దించి ఫైళ్ల సైజు ఒకటేనా చూడండి, తిరిగి కీబోర్డుకి పంపి తీసుకుంటోందా చూడండి, అది తేలేదాకా బ్యాటరీ జోలికి పోవద్దు. అసలేమీ రాకపోతే మాత్రం ప్లగ్గులు రెండూ అటూ ఇటూ మార్చి పెట్టండి, సాధారణంగా ఇన్ అని రాసినది కీబోర్డు అవుట్‌లోకి వెళ్లాలి.

ఇంకొకటి, మిడి ఇన్ వైపు ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం తప్పనిసరిగా ఉండాలని స్టాండర్డ్‌లోనే ఉంది, రెండు పరికరాల మధ్య కరెంటు నేరుగా కలవకుండా కాపాడేది అదే. ఈ చవక డబ్బాల్లో కొన్నిటిలో అది ఉండనే ఉండదు. ఫంక్షన్ హాల్లో ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి, కీబోర్డుని మిక్సర్‌కి కలిపితే స్పీకర్లలో బుయ్‌మని హమ్ రావడానికి అదీ ఒక కారణం. ఇప్పుడు మేం రోలాండ్ కంపెనీ మిడి కేబుల్ యూఎం-వన్ వాడుతున్నాం. ధర చాలా ఎక్కువే, కానీ డంప్ ప్రతిసారీ పూర్తిగా వస్తోంది.

సెకండ్‌హ్యాండ్ రిథమ్ మెషీన్ కొనేవాళ్లకి కూడా చెప్పాలి. వెనకాల ఐదు పిన్నుల సాకెట్ కనిపిస్తే చాలు "మిడి ఉంది" అని అంటగడుతున్నారు. రోలాండ్ టీఆర్-808, టీఆర్-606 మిడి రాకముందువి, వాటి మీద ఉన్నది సింక్ సాకెట్, టెంపో, స్టార్ట్, స్టాప్ తప్ప ఏమీ మోయదు, మిడి కేబుల్ పెడితే పనిచేయదు, విడిగా కన్వర్టర్ కావాలి. సాకెట్ పక్కన మిడి అని అచ్చులో ఉందో లేదో కళ్లారా చూడండి. అలెసిస్ ఎస్ఆర్-16 రిథమ్ మెషీన్, చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో వాడే రోలాండ్ ఎస్‌పీడీ-20 ప్యాడ్స్ లాంటివాటికి మిడి ఉంది. అయినా మిడిలో సౌండ్ రాదు, ఏది ఎప్పుడు కొట్టారన్న సమాచారమే వస్తుంది, సౌండ్ రికార్డు చేయాలంటే ఆడియో లైన్ వేరే కలపాల్సిందే. జపాన్ నుంచి నేరుగా వచ్చిన సరుకైతే వెనక లేబుల్ మీద 100 వోల్టులని ఉండొచ్చు, అది చూడకుండా మన 230 ప్లగ్గులో పెట్టొద్దు.

బిల్లు తప్పకుండా అడగండి, దాని మీద "డేటా బ్యాకప్ కోసం" అని రాయించండి. మాకు ఇచ్చిన చీటీ మీద షాపు పేరు కూడా లేదు, అందుకే గట్టిగా అడగలేకపోతున్నాం. బిల్లు ఉండి కూడా వెనక్కి తీసుకోనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.