‘మైనస్ 40, వంద శాతం వాటర్‌ప్రూఫ్’ బూట్లు: కొనేముందు ఇది చదవండి

జనవరి ఇన్‌టేక్‌కి కెనడాకో అమెరికాకో బయల్దేరుతున్న తమ్ముళ్లకి, వాళ్ల సూట్‌కేసులు సర్దుతున్న అమ్మానాన్నలకి ఈ పోస్టు. ఇండియాలో ఆన్‌లైన్‌లో ఒక రకం మగవాళ్ల స్నో బూట్లు తెగ తిరుగుతున్నాయి. చీలమండ మీదికి వచ్చే ఎత్తు, బెల్లం రంగు, లోపల తెల్ల బొచ్చు, సోలు అంచు చుట్టూ ఎర్రదారం కుట్లు. ధర ఐదు వేల చిల్లర. “వంద శాతం వాటర్‌ప్రూఫ్, మైనస్ 40 డిగ్రీల వరకు” అని ఫొటో మీదే పెద్దక్షరాలు. హైదరాబాద్‌లో ఉండగా నేను తీసుకున్నవి ఇవే. టొరంటో పక్కన మిస్సిసాగాలో మొదటి చలికాలమే కాళ్లని ముంచాయి, డబ్బు ఇంతవరకూ వెనక్కి రాలేదు. అమ్మినవాడి పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, వాడు పేరు మార్చుకుంటూ పోతాడు. సరుకు మాత్రం అదే, కాబట్టి సరుకుని గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

మంచు పడుతున్న రోజు వీటికి ఏమీ కాలేదు. బాగా చలిగా ఉన్నప్పుడు పడే మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. ఆ రోజు ఫొటో తీసి ఇంటికి పంపితే మా నాన్న “భలే ఉన్నాయిరా” అన్నారు కూడా. అసలు కథ తర్వాత మొదలవుతుంది. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరిగీ కరగనట్టు బూడిదరంగు బురద అవుతుంది. ఇక్కడ దాన్ని స్లష్ అంటారు. రోడ్డు దాటే ప్రతి మూలా అది చేరి మడుగు కడుతుంది. పైకి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే చీలమండ దాకా దిగిపోతుంది. ఉప్పు కలిసింది కాబట్టి ఆ నీళ్లు సున్నా కిందికి పోయినా గడ్డకట్టవు. అంటే బూటులోకి దూరేది మామూలు చన్నీళ్లు కాదు, సున్నా కన్నా చల్లటి ఉప్పునీళ్లు. బస్ స్టాప్‌లో నిలబడి ఉండగానే చిటికెనవేలి పక్కన తడి తగిలింది. బస్సు దిగేసరికి వేళ్లున్నాయో లేవో తెలియలేదు. (ఇలా మొద్దుబారితే కాళ్లు తీసుకెళ్లి హీటర్‌కి ఆనించకండి. స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలియదు. గోరువెచ్చటి నీళ్లే మంచివి.)

ఏదో పైనుంచి చిందిందేమో అని అనుమానం లేకుండా తేల్చుకుందామని బాత్‌టబ్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పట్టి, బూట్ల నిండా పేపర్ టవల్స్ కుక్కి నిలబెట్టాను. టీ తాగి వచ్చేలోపు ముందుభాగంలో కాగితం తడిసి ముద్దయింది. నడిచేటప్పుడు పాదం వంగే చోట, సోలు అంచు నుంచే నీళ్లు లోపలికి వచ్చాయి. ఈ పరీక్ష కొత్త బూట్లకి, రిటర్న్ గడువు లోపలే, ఇంట్లో బకెట్‌లో ఎవరైనా చేయొచ్చు. వాటర్‌ప్రూఫ్ అని అమ్మినదాన్ని నీళ్లలో పెట్టారని ఎవడూ తప్పు పట్టడానికి లేదు. మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే ఈ పని చేసెయ్యండి, విమానం ఎక్కాక వాపసు అన్న మాటే ఉండదు.

రెండో దాన్ని సాక్ష్యంగా ఉంచి ఒకదాన్ని బాక్స్ కట్టర్‌తో నిలువుగా కోశాను. సోలు అంచున కనిపించే ఎర్రదారం కుట్లు ఉత్తుత్తివి. సోలు అంచు మీద పైపైన వేసిన కుట్లే తప్ప అవి సోలుని పైభాగానికి కలపడం లేదు. పట్టుకుని ఉన్నది ఒట్టి గమ్ము. పాదం వంగే చోట బొటనవేలితో నొక్కితే పెదవిలా తెరుచుకుంది. ‘ఒరిజినల్ లెదర్’ కోసిన అంచున తెల్లటి అల్లిక గుడ్డ బయటపడింది, అంటే రెక్సిన్. బొచ్చు వెనక, ఫోన్ పార్సిల్‌లో చుట్టి పంపే పల్చటి స్పాంజి లాంటిది ఒక్క పొర. మైనస్ 40ని ఆపాల్సింది అదన్నమాట! నీటిని ఆపే పొర ఎక్కడా లేదు. ఇన్‌సోల్ ఎత్తి చూస్తే కింద అట్ట, తడిసి ఉబ్బి పొరలుగా విడిపోతోంది. లేసుల కింద ఉండే నాలుక అడుగున మాత్రమే కుట్టి ఉంది, రెండు పక్కలా ఖాళీ. గమ్ము గట్టిదే అయినా ఆ సందుల్లోంచి నీళ్లు వచ్చేవి.

కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్ దాచాను. “సార్, రిటర్న్ విండో క్లోజ్ అయింది సార్.” డిఫెక్ట్ కదా అంటే “ప్రొడక్ట్ యూజ్ చేశారు కదా సార్.” బూట్లు వేసుకోకుండా తడుస్తాయో లేదో ఎలా తెలుస్తుంది బాబూ అంటే జవాబు లేదు, ఇంకో అమ్మాయి చాట్‌లోకి వచ్చి మళ్లీ ఆర్డర్ నంబరు అడిగింది. ఈలోపు అమ్మకం పేజీలో ‘వాటర్‌ప్రూఫ్’ పోయి ‘వాటర్ రెసిస్టెంట్’ (కాస్త తడిని తట్టుకుంటుంది, అంతే) వచ్చి కూర్చుంది. నా దగ్గర పాత స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి సరిపోయింది. ఏది కొన్నా సరే, ఆర్డర్ పెట్టే రోజే ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బిల్లులో మోడల్ పేరు మాత్రమే ఉంటుంది, వాళ్లిచ్చిన మాట ఉండదు.

చట్టం మన వైపే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే సెల్లర్ వెనక్కి తీసుకోనని గానీ డబ్బు ఇవ్వనని గానీ అనకూడదు. ఫిర్యాదు అందిందని కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. వాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు. నా ఆర్డర్ మా నాన్న పేరు మీద ఉంది, ఆయనే హన్మకొండ నుంచి 1915కి ఫోన్ చేశారు. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు సంగతి ఇంకా నడుస్తోంది. ఇచ్చే దాకా వదిలేది లేదని ఆయన పట్టుదల. ఆ విషయంలో నాకంటే ఆయనకే కోపం ఎక్కువ.

ఇక ‘మైనస్ 40’ సంగతి. మామూలు బూట్ల మీద వేసే ఆ అంకె తయారీదారులందరూ ఒకే పద్ధతిలో కొలిచి వేసేది కాదు. పేరున్న కంపెనీలు కూడా తమ తమ లెక్కల్లో వేసుకుంటాయి, నడుస్తున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని. బస్సు కోసం కదలకుండా నిలబడ్డవాడికి అది వర్తించదు. పనివాళ్లు వేసుకునే సేఫ్టీ బూట్లకైతే ఐఎస్ఓ 20345 అనే అంతర్జాతీయ ప్రమాణంలో, చలిని ఆపుతుందని చెప్పే ‘సీఐ’ అనే గుర్తు ఉంది. బూటుని మైనస్ 17 డిగ్రీల్లో అరగంట ఉంచితే లోపలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకి మించి పడకూడదని పరీక్ష. గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేయబోయేవాళ్లు అది వెతుక్కోవచ్చు. మిగతావాళ్లు డిగ్రీలు వదిలేసి లోపల ఏముందో అడగండి. థిన్సులేట్ (చలిని ఆపే పల్చటి దూది లాంటి పొర) అయితే 200 గ్రాములా 400 గ్రాములా అన్నది రాసి ఉంటుంది. అది బూటు బరువు కాదు, చదరపు మీటరు పొరకి ఉండే బరువు. ఫెల్ట్ లైనర్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డతో లోపల వేసే తొడుగు) అయితే బయటికి లాగితే రావాలి. రోజంతా చెమటకి తడిసిన లైనర్‌ని రాత్రి తీసి ఆరబెట్టుకోవచ్చు. నా బొచ్చు బూట్లు ఒకసారి తడిశాక రెండు రోజులైనా ఆరలేదు, పైగా కంపు.

నీటి విషయంలో నాకు నమ్మకం కుదిరింది ఒకే రకం మీద: కింది భాగమంతా అతుకు లేని రబ్బరు, ఆ పైన తోలు లేదా గట్టి బట్ట. నీటిని ఆపే గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్నవీ మంచివే, కాకపోతే ఖరీదు. ఏది తీసుకున్నా నాలుక రెండు పక్కలా మడతతో పైదాకా కుట్టి ఉందో లేదో లేసులు విప్పి వేలు పెట్టి చూడండి. దుకాణంలో చేయాల్సిన పని ఇదొక్కటే అన్నా తప్పులేదు.

అన్ని ఊళ్లకీ ఒకే బూటు కూడా కాదు. విన్నిపెగ్‌లో, ఎడ్మంటన్‌లో జనవరి రాత్రులు మైనస్ 20 దాటడం మామూలే. అక్కడ మంచు పొడి, కాబట్టి వెచ్చదనమే ముందు. టొరంటోలో నెలల తరబడి సున్నాకి అటూఇటూ ఊగుతుంది, కాబట్టి ముందు నీటి సంగతి చూడాలి. చికాగోకి రెండూ కావాలి, 2019 జనవరి 30న అక్కడ మైనస్ 30 సెల్సియస్ దాకా పడింది. డాలస్ వెళ్లేవాడికి ఈ బరువు మోయించకండి, ఆ చోటులో రెండు కిలోల ఆవకాయ పడుతుంది.

సైజు దగ్గర కూడా మోసపోతారు. మన షాపుల్లో 8 అంటే యూకే 8, అమెరికా లెక్కలో అది దాదాపు 9. లిస్టింగ్‌లో ఒట్టి ‘8’ అని ఉంటే ఏ దేశం 8 అని అడగండి. మందపాటి ఊలు సాక్సులు వేసుకుని చూసుకోండి, వేళ్లు ఆడాలి. బిగుతైతే రక్తం సరిగ్గా ఆడదు, లోపలి గాలి పొర నలిగిపోతుంది, ఎంత ఖరీదు బూటైనా చల్లగానే ఉంటుంది. కాటన్ సాక్సులు వద్దు, చెమట పీల్చి తడిగా ఉండిపోతాయి.

జారడం గురించి ఒక్క ముక్క. లోతైన గళ్లు ఉన్నంత మాత్రాన ఐసు మీద సోలు పట్టదు. టొరంటోలోని కైట్ పరిశోధన సంస్థ వాళ్లు బూట్లు తొడిగిన మనుషుల్ని నిజమైన ఐసు వాలు మీద నడిపించి, జారకుండా ఎంత వాలు దాకా వెళ్లగలిగారో చూసి స్నోఫ్లేక్ గుర్తులు ఇస్తారు. మూడు గుర్తులు అన్నింటికన్నా మంచివి. ‘రేట్ మై ట్రెడ్స్’ అన్న పేరుతో ఫలితాలు ఉచితంగా చూడొచ్చు. ఖరీదైన బూట్లు కూడా అందులో తేలిపోయాయి.

నన్నడిగితే ఇండియాలో కొననే వద్దు. దిగగానే వేసుకోవడానికి మామూలు తోలు షూస్, రెండు జతల ఊలు సాక్సులు చాలు. మొదటి వారంలో ఇక్కడే దుకాణానికి వెళ్లి, వేసుకుని నడిచి చూసి తీసుకోండి. నూరు డాలర్ల పైన పెట్టాల్సి వస్తుంది, నిజమే. మార్చి క్లియరెన్స్‌లో తగ్గుతాయి కానీ అప్పటిదాకా ఆగే వీలు జనవరిలో దిగేవాళ్లకి ఉండదు. సీనియర్లు వదిలేసి వెళ్లే పాత జత దొరికితే మంచిదే, కానీ సోలు వంచి చూడండి. ఏళ్ల తరబడి వాడకుండా పడున్న పాలీయురిథేన్ సోలు గాలిలో తేమకి లోపల్నుంచి పాడై, వేసుకున్న రోజే పొడిపొడిగా రాలుతుంది.

నిన్న మా కజిన్ పంపిన లింకులో అవే ఫొటోలు, వేరే దుకాణం పేరుతో. ఈసారి ‘మైనస్ 50’ అట, ధర నాలుగు వేల తొమ్మిది వందలు. మూడో ఫొటోలో నీళ్ల తొట్టిలో నిలబెట్టిన బూటు ఉంటుంది, నీటి గీత సోలు అంచుకి కింద ఆగిపోయి ఉంటుంది. ఆ ఫొటో కనిపిస్తే అవే బూట్లు.